ఏడో పాట కింద సంతకం

"మూడో పాటలో ఒక నిమిషం పన్నెండో సెకను దగ్గర మీరు తుమ్మారు. అది పాటలో భాగమా, జలుబా?"

అతను బ్యాండు గాయని ఉరుముతో మాట్లాడిన మొదటి మాట అది. నమస్కారం దాని తర్వాత వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం. లాండ్రీ షాపు వెనక గది. ఉతికిన బట్టల మూటలు గోడ పొడుగునా పేర్చి ఉండటం వల్ల చప్పుడు బయటికి తక్కువ పోతుందని బ్యాండు వాళ్లు అక్కడ ప్రాక్టీసు చేస్తారు. ఉరుము అప్పుడే ఒక పాట ముగించి, మైకు స్టాండును కింద పడేసి, రొప్పుతూ నిలబడింది. తలలో సగం గొరిగించుకుంది. చేతుల్లేని నల్ల టీషర్టు వేసుకుంది. చేతులు కత్తిరించింది స్టైలుకే అని అభిమానులు అనుకుంటారు. నిజానికి ఒక చేతిని ఇస్త్రీపెట్టె కాల్చింది, రెండోదాన్ని సమానం కోసం తనే కోసేసింది.

గుమ్మంలో నిలబడ్డ మనిషి చొక్కాకు మాత్రం ఇస్త్రీ మడతలు చెక్కుచెదరలేదు. ఒక చంకలో గొడుగు, రెండో చంకలో ఫైలు.

"ఎవరు నువ్వు?" అంది ఉరుము.

"కోర్టులో టైపిస్టును మేడమ్. సాక్షులు చెప్పింది రికార్డు చేస్తారు, నేను విని టైపు చేస్తాను. మీ తమ్ముడు గారు పాటలిచ్చారు."

ఉరుము డ్రమ్స్ వైపు తిరిగింది. డ్రమ్స్ వెనక తమ్ముడు ఉన్న కొద్ది ఒళ్లూ దాచుకోవడానికి చాలా కష్టపడుతున్నాడు.

"నా పాటలు ఎవరిమ్మన్నార్రా నిన్ను?"

"మరేం చేయమంటావక్కా? మన పాత పాటలన్నీ కలిపి వేస్తున్న రికార్డుకు బుక్‌లెట్ శనివారానికల్లా ప్రెస్సుకి వెళ్లాలి. మాటలేవి అని కంపెనీ వాళ్లు రోజుకు నాలుగుసార్లు ఫోను చేస్తున్నారు. నిన్నడిగితే గుర్తులేదంటావు. నేను విన్నాను, గిటారు వాడు విన్నాడు, బేసు వాడు విన్నాడు. ముగ్గురికీ మూడు రకాలుగా వినబడింది. ఈయన్ని కోర్టులో అందరూ మక్కీకిమక్కీ అంటారు. పళ్లూడిపోయిన సాక్షి ఏడుస్తూ చెప్పినా పొల్లు పోకుండా టైపు చేస్తాడట."

"దగ్గు, తుమ్ము, నిట్టూర్పు కూడా" అన్నాడు మక్కీకిమక్కీ, వినయంగా. "అందుకే అడుగుతున్నాను, జలుబా?"

"జలుబే!" అని అరిచింది ఉరుము.

అతను జేబులోంచి పెన్సిలు తీసి, ఫైలులో ఏదో రాసుకున్నాడు.

*

ఉరుము చరిత్ర గురించి నాలుగు ముక్కలు ఇక్కడే చెప్పేయడం మంచిది.

పంతొమ్మిదో ఏట కాలేజీ పాటల బృందంలో ఆమెను వెనక వరసలో నిలబెట్టారు. తర్వాత ఇంకా వెనక్కి జరిపారు. ఇంకో రెండడుగులు వెనక్కి వేస్తే కారిడార్లో తేలుతానని ఆమెకు అర్థమైంది. ఆ సాయంత్రం ఇంట్లో అందరూ అన్నాలు తింటున్నప్పుడు, "నేను బ్యాండు పెడుతున్నాను" అని ప్రకటించింది. నాన్న, "సరేనమ్మా, ఆ ఫ్యాను కాస్త తగ్గించు" అన్నాడు. అమ్మ, ఫ్యాను ఎవరు పెంచారని విచారణ మొదలుపెట్టింది.

మర్నాడే బ్యాండు పెట్టింది. మొదలెట్టిన నలభై నిమిషాలకు గోడ అవతలి నుంచి ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం చూసే బ్యాండుకు 'పక్కింటి ఫిర్యాదు' అని పేరు పెట్టారు. మొదటి ప్రదర్శనకు పదకొండు మంది వచ్చారు. అందులో నలుగురు అక్కడ కుట్టుమిషన్ల ప్రదర్శన అనుకుని వచ్చారు. డ్రమ్స్ వాయించేవాళ్లు ఒకరి తర్వాత ఒకరు చెవులు పట్టుకుని వెళ్లిపోగా, ఐదోవాడుగా తమ్ముణ్ణి కూర్చోబెట్టింది. వాడు పారిపోవాలన్నా మళ్లీ అదే ఇంటికి రావాలి కదా.

పదేళ్లు గడిచాయి. ఇప్పుడు హాళ్లు నిండుతున్నాయి. పిడికిళ్లు లేస్తున్నాయి. ఆమె పాటల్లోని తిరుగుబాటు మీద ఒక లెక్చరర్ గారు ఇరవై రెండు పేజీల వ్యాసం రాశారు.

అసలు సంగతి ఉరుము ఒక్కదానికే తెలుసు. ఆమె ఏనాడూ పాట రాయలేదు. పగలంతా కళ్లద్దాల షాపులో మెత్తటి గొంతుతో, "పైనుంచి మూడో లైను చదవండి సార్" అంటూ ఉద్యోగం చేసేది. సాయంత్రం మైకు ముందు నిలబడి, ఆ రోజు ఒళ్లు మండించిందేదో అది అరిచేసేది. ఎలాగూ ఎవరికీ అర్థం కాదనే ధైర్యం. రికార్డయ్యాక తనూ మరిచిపోయేది. స్టేజీ మీద మాటల బదులు వాటి మోతే మిగిలేది.

ఒక్క ఏడో పాట మాత్రం ఆమెకు అక్షరం అక్షరం గుర్తుంది.

ఫ్యాను తగ్గించమన్న మర్నాడు రికార్డు చేసిన పాట అది. "నా మాట ఎవరికైనా వినబడుతోందా? వినబడినవాడు ఎదురుగా వచ్చి చెప్పాలి. చెబితే వాణ్ణి పెళ్లి చేసుకుంటాను. ఒట్టు!" అంతే పాట. మొత్తం యాభై సెకన్లు. పంతొమ్మిదేళ్ల పిల్ల పౌరుషం.

పదేళ్లుగా వేలమంది ఆ పాటకు ఎగిరి గంతులేశారు. అది మూతబడిన ఫ్యాక్టరీల గురించి అని లెక్చరర్ గారు తేల్చారు. ఒకడైతే తనకు వినబడిన మాటలనే భుజం మీద పచ్చబొట్టు పొడిపించుకుని వచ్చి, చొక్కా విప్పి మరీ చూపించాడు. వినబడిందని చెప్పడానికి మాత్రం ఒక్కడూ రాలేదు. మొదట్లో ఆ పాట పాడిన ప్రతిసారీ ఆమె జనంలోకి వెతుక్కుంటూ చూసేది. తర్వాత చూడటం మానేసింది. మానేశాననే అనుకుంది.

ఇప్పుడు ఈ ఇస్త్రీ చొక్కా మనిషి ఇంటికెళ్లి, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఏడో పాట దగ్గరికి వస్తాడు. ఆ తలంపుతో ఆమెకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాడికి వినబడుతుందేమోనన్న భయం సగం, వినబడదేమోనన్న భయం సగం.

*

బుధవారం సాయంత్రం మక్కీకిమక్కీ పన్నెండు కాగితాలతో వచ్చాడు. బయట వాన మొదలైంది. లాండ్రీ మూటల మధ్య అందరూ కూర్చున్నారు.

"చదివి వినిపించడం మా పద్ధతి" అన్నాడు. "తప్పులుంటే ఇక్కడే చెప్పాలి."

గొంతు సవరించుకుని, కోర్టులో చదివే చప్పటి గొంతుతో మొదలుపెట్టాడు.

"మొదటి పాట. 'కూల్చేద్దాం.' నా దువ్వెన ఎవరు తీశారు? నా దువ్వెన ఎవరు తీశారు? ఇంకో రెండుసార్లు అదే. తమ్ముడూ నువ్వే తీశావు. నీకున్నవే నాలుగు వెంట్రుకలు, వాటికి దువ్వెన ఎందుకు? బ్రాకెట్లో, పళ్లు కొరుకుట. పాట సమాప్తం."

గిటారు వాడు మూటల మీద పడి దొర్లాడు. బేసు వాడికి నవ్వలేక ఎక్కిళ్లు వచ్చాయి. తమ్ముడు తల తడుముకున్నాడు.

"అక్కా, ఈ పాటకు నేను ఆరేళ్లుగా డ్రమ్స్ వాయిస్తున్నాను!"

"ఐదో పాట. 'రక్తం.' అమ్మ పొద్దున్నే బీరువా తలుపు ధడాల్మని వేస్తుంది. లేవమని అనదు. లేచావా అని అడుగుతుంది. పడుకున్నదాన్ని లేచావా అని అడిగితే ఏం చెప్పాలి? బ్రాకెట్లో, దీర్ఘమైన కేక, పదకొండు సెకన్లు."

ఉరుము ముఖం ఎర్రబడింది. "ఆపండి! ఇది అచ్చయితే నా పదేళ్ల పరువు బజారున పడుతుంది. జనం ఏమనుకుంటారు? విప్లవం అనుకుని వస్తే దువ్వెన చేతిలో పెట్టిందంటారు!"

"మేడమ్" అన్నాడతను, కాగితాలు సర్దుకుంటూ. "నేను పన్నెండేళ్లుగా, ప్రమాణం చేసి మరీ చెప్పిన మాటలు టైపు చేస్తున్నాను. ఇంత నిజం ఎక్కడా టైపు చేయలేదు. మీ దువ్వెన పోయినప్పుడు మీకెంత కోపం వచ్చిందో అంతే అరిచారు. అంతకు మించి ఒక్క రవ్వ కూడా పెంచలేదు. సాక్షులందరూ పెంచుతారు."

ఉరుము పదేళ్లలో ఎన్నో పొగడ్తలు విన్నది కానీ, ఇలా కొలిచి ఇచ్చింది ఎప్పుడూ లేదు. ఇతని కళ్లు గోధుమరంగులో ఉన్నాయని అప్పుడే గమనించింది. కుడి కన్ను కొద్దిగా చిట్లిస్తున్నాడనీ గమనించింది. రెండోది వృత్తి అలవాటు.

"ఏడోది?" అంది. గొంతు తనకే కొత్తగా వినబడింది.

అతను ఏడో కాగితం తీశాడు. చూడకుండానే చదివాడు.

"ఏడో పాట. బ్రాకెట్లో, వినబడలేదు."

"ఏంటీ?"

"వినబడలేదు మేడమ్. మొత్తం."

"అన్నిటికంటే శుభ్రంగా రికార్డయింది అదే కదా!" అన్నాడు తమ్ముడు.

"మెషిన్ లోపం అయి ఉండొచ్చు" అన్నాడతను, తన బూట్లతో.

ఉరుముకు పదేళ్ల నిరాశ ఒక్కసారిగా పైకొచ్చింది. దాన్ని వెంటనే కోపంగా మార్చుకుంది. ఆ విద్యలో ఆమెకు పదేళ్ల అనుభవం.

"తుమ్ము వినబడింది, పళ్లు కొరకడం వినబడింది, యాభై సెకన్ల పాట వినబడలేదా? మీ చెవులకేమొచ్చింది? దీనికా మిమ్మల్ని మక్కీకిమక్కీ అనేది?"

అతను కాగితాలు ఆమె చేతికిచ్చి, నమస్కారం పెట్టి, వానలోకి వెళ్లిపోయాడు. గొడుగు చంకలోనే ఉంది. విప్పడం మరిచిపోయాడు.

"పాపం, తడిసిపోతున్నాడక్కా" అన్నాడు తమ్ముడు.

"తడవనీ. ఇస్త్రీ అయినా పోతుంది" అంది ఉరుము. కానీ, మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉంది.

*

ఉరుము అమ్మ ముప్ఫై ఏళ్లు పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసి రిటైరైంది. ఏ కాగితం చేతికొచ్చినా ముందు సంతకం చూసి, తర్వాతే విషయం చూస్తుంది. పెళ్లి శుభలేఖల మీద కూడా సంతకం లేదని సణిగిన మనిషి.

గురువారం పొద్దున ఆ పన్నెండు కాగితాలు ఆమె చేతిలో పడ్డాయి.

"అయితే పదేళ్లుగా నా మీద పితూరీలు చెబుతున్నావన్నమాట" అంది, కళ్లజోడు సవరించుకుంటూ. "అదీ టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన జనం ముందు."

"అమ్మా, అది కళ."

"బీరువా తలుపు కళేమిటే! దాని బిజాగరీ వదులైంది, గట్టిగా వేస్తేగానీ పడదు. ఆ ముక్క నన్నడిగితే చెప్పేదాన్ని కదా. హాళ్లు బుక్ చేసుకుని అరవాలా?"

ఉరుము మూతి ముడుచుకుని టీ తాగుతోంది. అమ్మ కాగితాలు తిరగేస్తూ తిరగేస్తూ ఆగింది.

"ఇదేంటే, దీని కింద సంతకం లేదు?"

"దేని కింద?"

"ఏడో దాని కింద. మిగతా పదకొండింటికీ 'విన్నది విన్నట్టు టైపు చేశాను' అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేశాడు. దీని కింద ఏమీ లేదు. సంతకం లేని కాగితం ఎలా తీసుకున్నావే?"

"మరిచిపోయి ఉంటాడు."

"తుమ్ముకు బ్రాకెట్టు పెట్టినవాడు సంతకం మరిచిపోతాడా? ముప్ఫై ఏళ్లు కౌంటర్లో కూర్చున్నాను, నాకు చెప్పకు. మరిచిపోయినవాడు ఏదో ఒకదాని కింద మరిచిపోతాడు. ఒక్కదాని కిందే మానేశాడంటే, పెట్టడానికి చెయ్యి రాలేదన్నమాట. ఏముందే ఈ పాటలో?"

"గుర్తులేదు."

అమ్మ పెన్ను తీసి ముందు పెట్టింది. "అయితే గుర్తులేదని రాసి సంతకం పెట్టు."

ఉరుము పెన్ను వైపు చూసింది. టీ కప్పు వైపు చూసింది. ముట్టుకోలేదు.

"ఊఁ" అంది అమ్మ. ఆ ఒక్క అక్షరంలో ముప్ఫై ఏళ్ల కౌంటరు అనుభవమంతా ఉంది. "ఇద్దరికీ ఒకే జబ్బన్నమాట."

*

శుక్రవారం మూడు గంటలకు మక్కీకిమక్కీ కళ్లద్దాల షాపుకు వచ్చాడు. "చెవులు ఎలాగూ పోయాయి, కళ్లయినా చూపించుకోమను" అని ఉరుము తమ్ముడి చేత కబురు పెట్టింది. అతను నిజంగానే అపాయింట్‌మెంట్ తీసుకుని మరీ వచ్చాడు.

వాన దంచి కొడుతోంది. బయటి రేకుల పంచ మీద చినుకులు డ్రమ్స్ వాయిస్తున్నాయి, తమ్ముడి కంటే లయగా. లోపల ఓనరు పెద్దాయన ఫ్రేములు తుడుస్తున్నాడు. బెంచీ మీద ఒక మామ్మగారు కొత్త అద్దాల కోసం కూర్చుని కునుకు తీస్తున్నారు.

షాపులో ఉరుము వేరే మనిషి. తెల్ల కోటు, జుట్టున్న సగం మీంచి లేని సగం మీదకు దువ్వుకున్న తల, రోగి మంచం పక్కన మాట్లాడే మెత్తటి గొంతు.

"కూర్చోండి. గడ్డం ఇటు."

బరువైన టెస్టింగు ఫ్రేము అతని ముక్కు మీద పెట్టింది. ఎడమ కన్ను మూసింది. కుడి కంటికి ఒక అద్దం వేసింది. అంత దగ్గరగా ఉన్నప్పుడు అతను ఊపిరి బిగబట్టాడని తెలిసిపోయింది. తనూ బిగబట్టినట్టు ఆమె ఒప్పుకోలేదు.

"పైనుంచి మూడో లైను చదవండి."

చదివాడు. నాలుగోది, ఐదోది చదివాడు. ఆమె చార్టు తీసేసి, దాని స్థానంలో ఒక కాగితం క్లిప్పుకు తగిలించింది.

"ఇది చదవండి."

అతను చదివాడు. "ఏడో పాట. వినబడలేదు."

"దాని కింద?"

"ఏమీ లేదు."

"ఏముండాలి?"

అతను కాగితం అడుగున ఉన్న ఖాళీని చూశాడు.

"సంతకం" అన్నాడు.

"ఎందుకు లేదు?"

"సంతకం పెడితే అబద్ధమవుతుంది."

"మరి విన్నది రాయొచ్చుగా?"

"రాస్తే అడిగినట్టవుతుంది." అతను ఆ ఫ్రేము బరువుకు తల కదపలేక, నేరుగా కాగితంతోనే మాట్లాడుతున్నాడు. "అది మీరు పంతొమ్మిదో ఏట ఎవరిమీదో అలిగి అన్న మాట మేడమ్. నేను ఫైలు చంకన పెట్టుకుని వచ్చి, ఇదిగో మీరు ఒట్టేశారు, నేను విన్నాను అంటే, బాకీ వసూలుకు వచ్చినట్టుంటుంది. నాకలా వద్దు. అందుకని ఉద్యోగంలో మొదటిసారి, వినబడినదాన్ని వినబడలేదని కొట్టాను. కొట్టాక సంతకానికి చెయ్యి రాలేదు."

"ఎన్నిసార్లు విన్నారు?"

"మొదటిసారికే వినబడింది."

"అది కాదు నేనడిగింది."

"నూట నలభై మూడు సార్లు" అన్నాడు. "పొద్దున ఇంకోసారి. నూట నలభై నాలుగు."

ఉరుము క్లిప్పు దగ్గర నుంచి రెండడుగులు ముందుకు వచ్చింది. కాగితానికీ అతనికీ మధ్య నిలబడింది.

"ఎదురుగా వచ్చి చెప్పాలి అని ఉంది కదా పాటలో. ఎదురుగా ఉన్నాను. ఏం వినబడిందో చెప్పండి."

అతను చెప్పాడు. అదే కోర్టు గొంతుతో, కామా కూడా వదలకుండా, 'నా మాట' దగ్గర మొదలుపెట్టి 'ఒట్టు' దాకా. చివర్లో, "బ్రాకెట్లో" అని ఆగాడు.

"బ్రాకెట్లో ఏంటి?"

"ఏడుపు ఆపుకొనుట."

పదేళ్లలో ఎవరికీ తెలియని సంగతి అది. తమ్ముడికీ తెలియదు. ఆమెకే గుర్తులేదు, ఇప్పుడే గుర్తొచ్చింది. ఇంతకాలం తను నోరు చించుకుని అరిచింది చాలక, ఇతను అరుపు వెనకది కూడా విన్నాడు.

ఉరుము తల వంచుకుంది. చెప్పాలనుకున్నది చెప్పింది.

అతను కంగారుగా ముందుకు వంగాడు. ఫ్రేము జారి ముక్కు చివరికి వచ్చింది.

"క్షమించాలి మేడమ్. వినబడలేదు."

"వేళాకోళమా?"

"ఒట్టు! నిజంగానే. వాన చప్పుడు, మీరేమో షాపు గొంతుతో అన్నారు. దయచేసి మళ్లీ చెప్పండి. ఇది... ఇది రికార్డుకు చాలా ముఖ్యం."

ఉరుము అతని ముఖం చూసింది. ఒక కన్ను మూసి, ఒక కంటికి తప్పు నంబరు అద్దంతో, ప్రాణమంతా చెవుల్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె కాళ్లు రెండూ దూరంగా పెట్టుకుని నిలబడింది. పొట్ట లోపలి నుంచి ఊపిరి తీసుకుంది.

"చేసుకుంటానన్నానయ్యా మహానుభావా!"

గోడకు తగిలించిన ఫ్రేములు గలగలలాడాయి. ఓనరు పెద్దాయన చేతిలోని గుడ్డ కింద పడింది. ఆరేళ్లుగా తన షాపులో పనిచేస్తున్న నోట్లో నాలుక లేని అమ్మాయి వైపు నోరు తెరుచుకుని చూశాడు.

బెంచీ మీద మామ్మగారు కళ్లు తెరిచారు.

"అమ్మాయి ఒప్పుకుంది నాయనా" అన్నారు. "నాకు బ్రహ్మచెవుడు. నాకే వినబడింది."

*

రికార్డు విడుదలైంది. బుక్‌లెట్లో పన్నెండు పాటలూ ఉన్నాయి, దువ్వెనతో సహా. ఉరుము పరువేమీ పోలేదు. దువ్వెన ఆస్తిహక్కుకు సంకేతమని లెక్చరర్ గారు ఇంకో పద్దెనిమిది పేజీలు రాశారు. తమ్ముణ్ణి మాత్రం హాళ్లలో జనం దువ్వెనలు చూపించి పలకరిస్తున్నారు. బీరువాకు కొత్త బిజాగరీ పడింది.

ఏడో పాట పేజీలో బ్రాకెట్ల మధ్య ఒక్క మాటే అచ్చేశారు.

అమ్మ ఆ పేజీ దగ్గర ఆగింది. ఎదురుగా సోఫాలో కొత్తల్లుడు కాబోయే మనిషి, ఇస్త్రీ మడతలతో బిగుసుకుని కూర్చున్నాడు. పక్కన ఉరుము సీలింగు ఫ్యాను వైపు చాలా శ్రద్ధగా చూస్తోంది.

"'వినబడింది' అని ఉంది. ఏం వినబడిందో లేదేమిటే?"

"కింద సంతకం ఉంది కదమ్మా."

అమ్మ పేజీని వెలుతురులోకి పెట్టి చూసింది. విన్నది విన్నట్టు టైపు చేశాను. పేరు, తేదీ. అక్షరాలు అతనివే. మనిషిని ఒకసారి, సంతకాన్ని ఒకసారి, మళ్లీ మనిషిని చూసింది.

"ఉంది" అంది. "చెల్లుతుంది."